వంక దాటిన ముందు చక్రాలు

దయ్యం పట్టిందని నా దగ్గరికి తెచ్చిన బండ్లలో ఇంతవరకూ దేనికీ దయ్యం పట్టలేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది.

కడప దగ్గర ఒక లారీ ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఒకే గుట్ట ఎక్కుతూ ఆగిపోయేది. డ్రైవరు కిందికి దిగి, కొబ్బరికాయ కొట్టి, కాసేపు నీడన కూర్చుంటే మళ్ళీ కదిలేది. ఆ గుట్ట మీద ఎవరో చచ్చిపోయారనీ, కాయ ఇవ్వనిదే బండిని వదలరనీ చెప్పుకొనేవారు. నేను చూస్తే పెట్రోలు గొట్టం ఇంజను పొగగొట్టానికి ఆనుకొని పోతోంది. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై దారి మూసుకుంటోంది. డ్రైవరు కాయ కొట్టి కూర్చున్నంత సేపట్లో అది చల్లారుతోంది. గొట్టాన్ని పక్కకు వంచి తడి గోనెపట్టా చుట్టాను. ఆ తర్వాత గుట్ట మీది వారికి కొబ్బరికాయలు అందలేదు, లారీ ఆగనూ లేదు.

అలాంటి వాణ్ణి నేను. మద్రాసులో మోటారు ఇంజనీరింగు డిప్లొమా చదివాను. చెడిపోయిన బండిని ఒక వరుసలో చూడమని మాకు నేర్పారు. ముందు కంటికి కనిపించేది, తర్వాత చేతికి తగిలేది, ఆ తర్వాత చెవికి వినిపించేది, చివరికి విప్పితే గాని తెలియనిది. ఆ వరుసలో దయ్యానికి చోటు లేదు. ఇక్కడ రాస్తున్న సంగతిని కూడా నేను ఆ వరుసలోనే చూశాను. వరుస అయిపోయింది గాని కారణం దొరకలేదు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో అక్కడ ఎటు చూసినా డేరాలు, లేస్తున్న గోడలు. ఆ గోడల మధ్య నేలకు పరచడానికి నాపరాళ్ళు కావలసి వచ్చాయి. బేతంచెర్ల గనులకు గిరాకీ పెరిగింది. అక్కడ గని నడిపే ఒక రెడ్డిగారు మద్రాసు వేలంలో యుద్ధం నాటి మిలిటరీ జీపు ఒకటి కొన్నారు. ఆ జీపునూ, ఒక లారీనీ, గనిలో నీళ్ళు తోడే ఇంజనునూ చూసుకోవడానికి నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారు. ఆయన కర్నూలులో ఉండేవారు. నేను గని పక్కనే రేకుల షెడ్డులో ఉండేవాణ్ణి.

గనికీ బేతంచెర్ల ఊరికీ నడుమ ఒక వంక ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఇసుక తప్ప మరేమీ ఉండదు. వంకకు ఇవతలా అవతలా బాట మాత్రం గట్టి బండ. ఆ బాటకు తగినట్టుగానే జీపుకు రెండు రకాల నడక ఉంది. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. డ్రైవరు పక్కన ఉన్న ముందు లీవరు వేస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి. ఇంజను బలాన్ని ముందు చక్రాలకు తీసుకుపోయేది బండి కింద ఉండే పొడుగాటి ఇనుప గొట్టం. దాన్ని షాఫ్టు అంటాం. ముందు లీవరు పక్కనే ఇంకొకటి ఉంటుంది, లో గేరు వేసే లో లీవరు. అది వేస్తే బండి మెల్లగా, మరింత బలంగా లాగుతుంది. ఈ రెండు లీవర్లకూ ఒక కట్టుబాటు ఉంది. ముందు లీవరు పడితే గాని లో లీవరు పడదు. అలాగే, లో లీవరు తీస్తే గాని ముందు లీవరు బయటికి రాదు. ఈ కట్టుబాటును పాఠకులు గుర్తుంచుకోవాలి.

నేను చేరేనాటికి ఆ జీపు నడిపే మనిషి మద్దిలేటి. అంతకుముందు అదే గనిలో ఎద్దుల బండి మీద బండలు తోలేవాడు. యాభై దాటిన మనిషి. జీపు నడపడం ఎవరు నేర్పారో గాని బాగా నడిపేవాడు. ఒక్కటే తప్పు చేసేవాడు. ముందు లీవరు ఎప్పుడూ వేసే ఉంచేవాడు. ఇసుకలోనే కాదు, గట్టి బండ మీద కూడా. ముందు టైర్లు అరిగిన తీరు చూసి నేను పట్టుకున్నాను.

"లీవరు ఎందుకు తీయడం లేదు మద్దిలేటీ?" అని అడిగాను.

"సారూ, కాడికి కట్టినాక రెండెద్దులూ లాగాల్నా, వద్దా?"

"లాగాలి."

"మరి ముందర జతనేమిటికి ఊరికే నడిపిచ్చేది? ఎనకటియి సాకిరి చేస్తాంటే ముందరియి షికారు పోతాయా? అట్ల అలవాటు చేస్తే సోమరిపోతులైతాయి. రేపు వంకలో లాగమంటే మొండికేస్తాయి."

ఎద్దులు తోలిన మనిషి లెక్క అది. నేను ఒక బండ మీద సుద్దముక్కతో గీసి చెప్పాను. మలుపులో ముందు చక్రం తిరిగే దారి పెద్దది, వెనక చక్రానిది చిన్నది. ఇసుకలో అయితే చక్రం కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది. బండ మీద జారడానికి వీల్లేదు. ఆ బిగువంతా షాఫ్టు మీద, దాని కీళ్ళ మీద పడుతుంది. ఏదో ఒక రోజు కీలు విరుగుతుంది. అతను వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, నేను గీసిందంతా శ్రద్ధగా చూశాడు.

"శానా బాగ చెప్పినారు సారూ. తీస్తాలే."

అది అతని మాట. తీస్తాలే సారూ. నేను చూస్తున్నంతసేపు తీసి ఉంచేవాడు. మలుపు తిరగగానే మళ్ళీ వేసేవాడు. వారానికి రెండుసార్లయినా మా మధ్య ఈ మాటలు నడిచేవి. నాకు కోపం వచ్చేది గాని అతనితో ఎక్కువసేపు కోపంగా ఉండడం కష్టం. వంకలో దిగినప్పుడల్లా జీపును ఎద్దును అదిలించినట్టు నాలుకతో చప్పుడు చేసి, "హో, రా నాయనా, రా" అనేవాడు. ఎదురుగా ఎవరున్నా సిగ్గుపడేవాడు కాదు.

ఆ ఏడు వానల్లో అతనికి విషజ్వరం వచ్చింది. చూడడానికి వెళ్తే గుడిసె ముందు నులకమంచం మీద పడుకొని ఉన్నాడు. భార్య ఈరమ్మ తలకు తడిగుడ్డ వేస్తోంది. అప్పటికి దస్తగిరి అనే కుర్ర డ్రైవరు జీపు నడుపుతున్నాడు.

"ఏం సారూ, దస్తగిరి లీవరు తీస్తాండాడా?" అని అడిగాడు.

తీస్తున్నాడని చెప్పాను.

"అయితే ముందర జత చెడిపోయినట్లే పో," అని నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి, "లేసినాక నేనూ తీస్తాలే సారూ," అన్నాడు.

లేవలేదు. గనికి అవతల పొలం గట్టు పక్కన మట్టి చేశారు. నేనూ వెళ్ళాను.

ఏడాది తిరిగి వచ్చేసరికి జీపు ముందు చక్రాలు నిజంగానే చెడిపోయాయి. ఒక రోజు దస్తగిరి వచ్చి, ఇసుకలో లీవరు వేస్తే కింద టకటకమని చప్పుడు వస్తోంది గాని ముందు చక్రాలు తిరగడం లేదన్నాడు.

"మద్దిలేటన్న పోయినప్పట్నుంచి అలిగినాయి సారూ," అన్నాడు.

"అలగడానికి కారణం చూద్దాం, జాకీ పట్టుకురా," అన్నాను.

పాత బండ్లలో ఇలాంటప్పుడు చూడవలసినవి నాలుగైదు ఉంటాయి. లీవరు పైన కదిలినా కింద ఆ కదలిక అందకపోవచ్చు. గేరు పెట్టెలో పళ్ళు అరిగి జారిపోతూ ఉండవచ్చు. షాఫ్టు కీలు విరిగి ఉండవచ్చు. ముందు ఇరుసులో కడ్డీ తెగి ఉండవచ్చు. ముందు చక్రాలు రెండూ జాకీ మీద పైకి లేపి, లీవరు వేసి, ఇంజను ఆపే ఉంచి దస్తగిరిని ఒక చక్రం పట్టి తిప్పమన్నాను. నేను కింద పడుకున్నాను. షాఫ్టు ఇరుసు వైపు తిరుగుతోంది. పెట్టె వైపు కొస కదలడం లేదు. అంటే లీవరు, పళ్ళు, ఇరుసు కడ్డీ మంచివే. పెట్టె వైపు కీలు విరిగింది. విప్పి చూస్తే కీలు నడుమ ఉండే క్రాసు అనే శిలువ ఆకారపు ముక్కకు ఒక చెయ్యి తెగి ఉంది. సూదుల్లాంటి బేరింగులు పొడి పొడి అయి చేతిలో పడ్డాయి. మద్దిలేటికి సుద్దముక్కతో బండ మీద గీసి చెప్పిన సంగతే అది.

విరిగిన కీలుతో షాఫ్టును అలాగే ఉంచితే కొట్టుకొని పెట్టెను పగలగొడుతుంది. అందుకే షాఫ్టు మొత్తం విప్పి, కొత్త ముక్క వేయించడానికి కర్నూలు పంపాను. అక్కడ నాకు తెలిసిన ఒక వర్కుషాపు మేస్త్రీ ఉన్నాడు. షాఫ్టు లేకపోయినా వెనక చక్రాలతో జీపు నడుస్తుంది. పెట్టె దగ్గర ఒకటి, ఇరుసు దగ్గర ఒకటి, ఖాళీగా మిగిలిన రెండు మూతులకూ దుమ్ము పోకుండా గోనెగుడ్డ చుట్టి పురికొసతో నేనే కట్టాను. షాఫ్టు వచ్చేదాకా వంకలోకి దింపవద్దని దస్తగిరికి చెప్పాను. వంక దాటవలసిన పనులకు లారీని వాడుకున్నాం.

అది జరిగిన వారానికి అమావాస్య వచ్చింది. మా గనిలో అమావాస్యకు పని ఉండదు. ఆ రోజు ఎద్దులకు కాడి కట్టరు, సమ్మెట ఎత్తరు. కూలీలంతా వంక అవతల ఊళ్ళో ఉంటారు. లారీని ముందురోజే బండలతో స్టేషనుకు పంపాను, తిరిగి రాలేదు. గని దగ్గర మిగిలింది నేను, దస్తగిరి, కాపలా గుడిసెలో ఈరమ్మ, ఆమె కొడుకు సుంకన్న. మద్దిలేటికి ఒక్కడే కొడుకు. అప్పటికి ఇరవై ఏళ్ళు ఉంటాయేమో.

తండ్రి సంవత్సరీకానికి, మట్టి చేసిన చోట ఒక బండ పాతాలని సుంకన్న కోరిక. రెడ్డిగారు ఇవ్వమన్నారు. పని రోజుల్లో వీలు కాదని, అమావాస్య నాడు సెలవు చూసుకొని తానొక్కడే గనిలోకి దిగాడు. అమావాస్య పూట రాయి ముట్టవద్దని తల్లి చెప్పిందట. అది కూలిపని కాదు గదా, నాయన పని గదా అన్నాడట.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఈరమ్మ కేక వినిపించింది. మేము వెళ్ళేసరికి పైన ఆనించిన బండ జారి సుంకన్న తొడ మీద పడి ఉంది. గడ్డపారతో లేపి అతన్ని బయటికి లాగాము. ఎముక చర్మం చీల్చుకొని బయటికి వచ్చింది. నెత్తురు ఆగడం లేదు. దస్తగిరి తలకు చుట్టుకున్న తుండుగుడ్డను గాయానికి పైన కట్టి, ముడిలో ఒక పానా దూర్చి మెలితిప్పాను. నెత్తురు చాలావరకు నిలిచింది. ఆ పానాను ఎవరో ఒకరు పట్టుకొని ఉండాలి, వదిలితే మెలి విడిపోతుంది.

డాక్టరు ఉన్నది బేతంచెర్లలో. మంచం మీద మోసుకుపోదామంటే మగవాళ్ళం ఇద్దరమే, పైగా పానా పట్టడానికి ఒకరు కావాలి. ఎద్దుల బండ్లన్నీ అవతల ఊళ్ళో ఉన్నాయి. మిగిలింది జీపు. పొద్దున పైన ఎక్కడో వాన కురిసి వంక పారింది. మధ్యాహ్నానికి నీళ్ళు తగ్గి చీలమండ లోతున పారుతున్నాయి. కాని పారిన వంకలో కొత్త ఇసుక పడుతుంది. అది ఎంత మెత్తగా ఉంటుందో నాకు తెలుసు. రెండు చక్రాలే లాగే బండితో దాటడం కష్టమని కూడా తెలుసు.

"దిగబడితే ఏం జేస్తాం సారూ?" అన్నాడు దస్తగిరి.

"తవ్వుకుందాం. ఇక్కడ కూర్చుంటే అదీ లేదు," అన్నాను.

జీపు వెనక ఒక చెక్కపలక వేసి సుంకన్నను పడుకోబెట్టాము. ఈరమ్మ అతని తల ఒడిలో పెట్టుకుంది. దస్తగిరి పక్కన మోకాళ్ళ మీద కూర్చొని రెండు చేతులా పానా పట్టుకున్నాడు. నేను నడిపాను. గోనెసంచులు, పార వేసుకున్నాను. వంక అంచున ఆగి టైర్లలో గాలి సగానికి తీశాను. లో లీవరు కావాలంటే ముందు లీవరు వేయక తప్పదు గనక ముందు అది, తర్వాత ఇది వేశాను. షాఫ్టు లేదు గనక ముందు లీవరు వల్ల లాభం లేదు. వెనక చక్రాలకు లో లీవరు బలం అందుతుందని వేశానంతే.

నడుమ దాకా బాగానే వచ్చింది. నీటిపాయ దాటాక వెనక చక్రాలు దిగబడ్డాయి. నేను వెంటనే కాలు తీశాను. అలాంటప్పుడు తిప్పే కొద్దీ గుంట లోతవుతుంది. ఒక పక్కకు వంగి చూశాను. వెనక ఇరుసు ఇసుకకు ఆనింది. జీపు కదలకుండా నిలిచింది. చేయవలసిన పని నాకు తెలుసు. దిగి, చక్రాల ముందు తవ్వి, సంచులు పరచాలి. దానికి చాలాసేపు పడుతుంది. దస్తగిరి అప్పటికే పానా మీద చేతులు మార్చి మార్చి పట్టుకుంటున్నాడు. సుంకన్న మాట్లాడడం మానేశాడు.

వెనక నుంచి ఈరమ్మ అంది, "ఏమయ్యో, ఈడ నిలబెట్టి సూస్తాండావా? పిల్లోడు పోతాండాడు."

నన్నే అంటోందనుకున్నాను. దిగబోయే ముందు ఒక్కసారి, ఇసుక ఎంత వదులుగా ఉందో తెలుసుకుందామని మెల్లగా క్లచ్చి వదిలాను.

స్టీరింగు బరువెక్కింది.

ఆ జీపు నడిపిన వాళ్ళకు ఇది తెలుస్తుంది. వెనక చక్రాలే లాగుతున్నప్పుడు ఇసుకలో స్టీరింగు తేలికగా, ఎటు తిప్పినా పట్టు లేనట్టుగా ఉంటుంది. ముందు చక్రాలకు బలం అందగానే చేతుల్లో బిగిసి, చిన్నగా అదురుతుంది. పగ్గాలు బిగిసినట్టు ఉంటుంది. సరిగ్గా అలా బిగిసింది. జీపు ముక్కు కొంచెం లేచింది. ముందు చక్రాలు తవ్వుకుంటూ, ఇసుకను పక్కలకు చిమ్ముతూ కదిలాయి. వాటి వెంట వెనక చక్రాలు గుంటల్లోంచి పైకి వచ్చాయి. ఎడమకు తిప్పి గట్టు మీదికి పోనిచ్చాను. తొందర లేకుండా, ఆగకుండా ఎక్కింది.

ఆ కాసేపు నాకు భయం గాని ఆశ్చర్యం గాని కలగలేదు. చేతులకు అలవాటైన పట్టు అది. ముందు చక్రాలు లాగుతున్నాయి, ఇక పరవాలేదు అనుకున్నాను. గట్టు ఎక్కి బండ బాట మీదికి వచ్చాక గాని, బండికి షాఫ్టు లేదన్న సంగతి గుర్తు రాలేదు.

గుర్తు వచ్చేసరికి దస్తగిరి పిలిచాడు. "సారూ, చేతులు పట్టిడుస్తాండాయి. ఒక్కసారి రాండి." జీపు ఆపి, ఇంజను నడుస్తుండగానే దిగి వెనక్కు వెళ్ళాను. పానా నేను పట్టుకున్నాను. అతను చేతులు దులుపుకొని, ముడి మళ్ళీ బిగించి కట్టాడు. ఈరమ్మ కొడుకు తల రెండు చేతులా పట్టుకొని ఉంది. ముగ్గురం వెనకే ఉన్నాము. చుట్టూ ఎవరూ లేరు. ఎండ తెల్లగా ఉంది.

తిరిగి వచ్చి కూర్చొని క్లచ్చి తొక్కి గేరు వేశాను. అప్పుడు చూశాను. లో లీవరు తీసి ఉంది. ముందు లీవరు తీసి ఉంది. బండ బాట మీద ఎలా ఉండాలో అలా ఉన్నాయి రెండూ.

ఆలోచించడానికి అది సమయం కాదు. బేతంచెర్లకు పోనిచ్చాను. డాక్టరు కట్టు కట్టి, సూదిమందు వేసి, రైలు ఎక్కించమన్నాడు. ఇంకొంచెం ఆలస్యమైతే తాను చేయగలిగింది ఏమీ ఉండేది కాదని కూడా అన్నాడు. దస్తగిరి స్టేషను నుంచి లారీ మనుషులను పిలుచుకు వచ్చాడు. వాళ్ళలో ఒకడు తోడు వెళ్ళి, డోను మీదుగా సుంకన్ననూ ఈరమ్మనూ కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చాడు.

పొద్దు ఉండగానే దస్తగిరీ నేనూ వంక దగ్గరికి తిరిగి వచ్చాము. జీపు గట్టు మీదే ఆపి ముందు దాని కిందికి దూరాను. షాఫ్టు లేదు. ఉండదని తెలిసినా చూశాను. రెండు మూతుల మీదా గోనెగుడ్డ అలాగే ఉంది. పురికొస ముడులు నావే. వాటి మధ్య ఖాళీలో చెయ్యి పెట్టి ఇటూ అటూ ఆడించాను. గాలి తప్ప ఏమీ తగలలేదు.

తర్వాత వంకలోకి దిగాము. ఇసుక మీద చక్రాల జాడ అబద్ధం చెప్పదు. ఊరికే దొర్లే చక్రం ఇసుకను ముందుకు తోసి, వెనక నున్నటి గాడి వదులుతుంది. లాగే చక్రం ఇసుకను వెనక్కు తన్నుతుంది. టైరు కట్ల అచ్చులు విరిగి, మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. తిన్నగా వెళ్ళిన చోట వెనక చక్రాలు ముందు జాడను తొక్కేస్తాయి గనక తెలియదు. నేను ఎడమకు తిప్పిన చోట రెండు జాడలూ విడిపోయాయి. బయటి వైపువి ముందు చక్రాలవి. వంక మొదట్లో తిప్పిన చోట అవి నున్నగా ఉన్నాయి. దిగబడిన గుంటలు దాటిన తర్వాత మెట్లు మెట్లుగా, ఇసుక వెనక్కు తన్నుకొని ఉన్నాయి. గట్టు పై దాకా అలాగే ఉన్నాయి.

దస్తగిరికి నేను ఏమీ చెప్పలేదు. అతనే ఆ జాడ పక్కన గొంతుక్కూర్చొని చూశాడు. "ఇయి లాగినాయి సారూ," అన్నాడు. తర్వాత లేచి, చొక్కా జేబులోంచి బీడీ తీసి, వెలిగించకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కొన్ని రోజులు నా వరుస ప్రకారం నేను చూసుకుంటూ పోయాను. వెనక చక్రాలకు ఇసుక కింద ఏదైనా బండ దొరికి ఉండవచ్చు. ఆ గుంటల్లో గడ్డపార దించి చూశాను. గట్టిగా ఏమీ తగలలేదు. తగిలినా ముందు చక్రాల జాడకు అది జవాబు కాదు. బండి ఊపు మీద ఉందా అంటే, పూర్తిగా ఆగింది. పాత జీపుల్లో లోపలి స్ప్రింగు బలహీనపడితే ముందు లీవరు దానంతట అది ఊడివస్తుంది. ఇది నిజంగా జరిగేదే, నేను చూశాను కూడా. అందుకని పెట్టె మూత విప్పి చూశాను. స్ప్రింగు గట్టిగానే ఉంది. పైగా లో లీవరు బయటికి రానిదే ముందు లీవరు రాదు. ఆ రెంటినీ వరుస తెలిసిన చెయ్యి తీయాలి.

వారం తర్వాత కర్నూలు వెళ్ళాను. వర్కుషాపు మేస్త్రీకి సంగతంతా చెప్తే ఆయన బీడీ పక్కన పెట్టి నవ్వాడు.

"షాఫ్టు విప్పినానని నువ్వు కలగన్నావేమోప్పా."

"మరి నేను పంపింది ఎక్కడుంది?"

ఆయన బల్ల కింద చూపించాడు. "ఈడే ఉండాది. నువ్వు పంపినప్పట్నుంచి కదిలితే ఒట్టు. క్రాసు యాడా దొరకలేదు, ఇంగా ఎయ్యనే లేదు." విరిగిన ముక్క తీసేసిన కీలు నోరు తెరుచుకొని ఉంది. దాని మీద దుమ్ము పేరుకొని ఉంది. నేను వేలితో గీసి చూశాను. ఆయన అప్పుడు నవ్వలేదు.

అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళాను. సుంకన్న నిద్రపోతున్నాడు. కాలు తీయవలసిన పని లేదని, కొంచెం పొట్టి కావచ్చని డాక్టరు చెప్పారట. ఈరమ్మ వరండాలో కూర్చొని ఉంది. నేను చూడవలసిన వాటిలో ఆమెను అడగడం కూడా ఒకటి.

"ఈరమ్మా, ఆ రోజు గట్టు మీద మేము కట్టు సరిచేస్తుంటే, ముందర ఉన్న లీవర్లను నువ్వు కదిలించావా?"

"నేనా? నా చేతులు రెండూ పిల్లోని తల కిందుండాయి గదా సారూ. అయినా యాది లీవరో యాది కాదో నాకేం తెల్సు?"

అది నిజమే. నేనూ చూశాను. ఇంకొకటి అడిగాను. వంకలో ఏమయ్యో అన్నది నన్నేనా అని. ఆమె ఎప్పుడూ నన్ను సారూ అనే పిలుస్తుంది.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ లీవర్లు ఎట్లుండాయి సారూ?" అని తిరిగి నన్నే అడిగింది.

తీసి ఉన్నాయని చెప్పాను. బండ మీదికి రాగానే తీయాలని మద్దిలేటితో నేను ఏడాది పొడుగునా చెప్పిన సంగతి ఆమెకు తెలుసు. మా వాదనలు సగం ఆమె గుడిసె ముందే జరిగేవి.

ఆమె నవ్వింది. ఆ పరిస్థితిలో ఆమె నవ్వుతుందని నేను అనుకోలేదు. "సూస్తివా సారూ! ఇంట్లో ముప్పై ఏండ్లు మొత్తుకున్నా నా మాట ఒక్కటీ ఇనలేదు ఆ మనిషి. మీరు జెప్తే ఇన్నాడు."

నేను ఆమె మాటను ఒప్పుకోలేదు, కాదనలేదు. ఒప్పుకోవడానికి నా చదువు అడ్డం వస్తుంది. కాదనడానికి నా దగ్గర వేరే కారణం లేదు.

తర్వాత కొత్త ముక్క దొరికి షాఫ్టు బాగై వచ్చింది. నేనే బిగించాను. సుంకన్న కర్ర సాయంతో నడుస్తూ వచ్చి గనిలో బండలు కొలిచే పనిలో చేరాడు. తండ్రి కోసం తీసిన ఆ బండనే కూలీలంతా కలిసి పొలం గట్టు పక్కన పాతారు. జీపు ఇప్పుడు బాగా ఉంది. లీవరు వేస్తే ముందు చక్రాలు లాగుతాయి, తీస్తే ఊరుకుంటాయి. దాంట్లో ఏ లోపమూ లేదు.

దయ్యాలు ఉన్నాయని నేను ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం ఇదీ. ఎవరైనా చదువుకున్నవారు దీనికి కారణం చెప్పగలిగితే సంతోషంగా వింటాను.

ఒక్క అలవాటు మాత్రం నాకు వచ్చింది. నేను జీపు నడుపుతూ వంక దాటి గట్టు ఎక్కాక, బండ బాట మొదట్లో బండి ఆపుతాను. లో లీవరు తీస్తాను. ముందు లీవరు మీదికి చెయ్యి వెంటనే పోనివ్వను. కొంచెంసేపు ఊరుకుంటాను. పక్కన దస్తగిరి ఉంటే అతనూ ఆ లీవరు వైపే చూస్తాడు.

ఇంతవరకూ ప్రతిసారీ నా చేత్తోనే తీయవలసి వచ్చింది.